సర్ఫిట్: ఈ మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ముందు పలకడం సంగతి చూద్దాం, చాలామంది తడబడేది అక్కడే. ఎస్, యు, ఆర్, ఎఫ్, ఇ, ఐ, టి అన్న స్పెల్లింగ్ చూడగానే ‘సర్ఫీట్’ అనేస్తాం, కానీ చివర దీర్ఘం లేదు, ‘సర్ఫిట్’ అనాలి, నొక్కి పలకాల్సింది ‘సర్’ని. ఫార్ఫిట్, కౌంటర్‌ఫిట్ అనే మాటలు తెలిసుంటే వాటి చివర ఎలా పలుకుతారో ఇదీ అంతే. మూడూ పాత ఫ్రెంచ్ నుంచి వచ్చినవే.

ఇక అర్థం. ఊరికే ఎక్కువ అని కాదు, ఇక చాలు బాబోయ్ అనిపించేంత ఎక్కువ అని. మనం మొహం మొత్తింది అంటామే, దానికి ఇంత దగ్గరగా వచ్చే ఇంగ్లిష్ మాట ఇంకోటి నాకు కనపడలేదు. మొదట్లో దీన్ని అతిగా తినడం, తాగడం గురించి కూడా వాడేవాళ్లు. 1135లో చనిపోయిన ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ, వైద్యుడు వద్దన్నా వినకుండా పాముల్లా ఉండే లాంప్రే చేపలు తిని జబ్బుపడ్డాడని ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు, ‘ఎ సర్ఫిట్ ఆఫ్ లాంప్రేస్’ అన్న మాట ఇంగ్లిష్‌వాళ్ల నోళ్లలో నిలిచిపోయింది ఆ కథ వల్లే.

వాక్యంలో పెట్టడం తేలిక. ముందు ‘ఎ’, తర్వాత ‘ఆఫ్’, ఆ తర్వాత ఏది ఎక్కువైందో అది: ‘ఎ సర్ఫిట్ ఆఫ్ అడ్వైస్’, ‘ఎ సర్ఫిట్ ఆఫ్ స్పీచెస్’. లెక్కపెట్టగలిగేవైతే బహువచనం, లేకపోతే ఏకవచనం.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. డిక్షనరీలో ‘అధికం’ అని చూసి సర్‌ప్లస్ బదులు దీన్ని పెట్టేస్తుంటారు. సర్‌ప్లస్ అంటే అవసరం తీరాక మిగిలింది, అందులో విసుగు లేదు, బడ్జెట్‌లో మిగులు ఉంటే అందరికీ సంతోషమే కదా. గ్లట్ ఎక్కువగా మార్కెట్ మాట, సరుకు కుప్పలుగా వచ్చిపడి ధర పడిపోతే అది. ప్లెథోరాని ఇప్పుడు చాలామంది బోలెడన్ని అనే అర్థంలో, మంచి విషయాలకు కూడా వాడేస్తున్నారు. సర్ఫిట్‌ని మాత్రం మెచ్చుకోలుకి వాడకండి. మీకు సాయం చేసిన మనిషికి థ్యాంక్స్ చెబుతూ ‘ఎ సర్ఫిట్ ఆఫ్ కైండ్‌నెస్’ అని రాస్తే, మీ మంచితనంతో విసిగిపోయాను అన్నట్టు తగులుతుంది.

ఇది రాతలో కనిపించే మాట, వ్యాసాల్లో బాగుంటుంది. మామూలు మాటల్లో ‘టూ మచ్’, ‘టూ మెనీ’ అంటే సరిపోతుంది.