పిల్లలు దూరంగా ఉన్న ఇంట్లో పలకరింపులు పెంచుకోవడం ఎలా

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. విజయవాడ పటమటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే మిగులుతారు, కొన్ని ఇళ్లలో ఒక్కరే. రాత్రి వీడియో కాల్ వస్తుంది కానీ, అప్పటిదాకా ఎదుట నిలబడ్డ మనిషితో ఒక్క మాటా ఉండదు. దిగులు పేరుకునేది ఆ ఖాళీలోనే. అది నిండటానికి ప్రాణస్నేహితులే అక్కర్లేదు, ముఖపరిచయాలు కూడా బాగా పనిచేస్తాయి. కెనడాలోని ఒక కాఫీ షాపులో పరిశోధకులు కొందరిని కౌంటర్ దగ్గర నవ్వుతూ నాలుగు మాటలు మాట్లాడమన్నారు, మరికొందరిని గబగబా పని ముగించుకు రమ్మన్నారు. మాట్లాడినవాళ్లే ఎక్కువ ఉల్లాసంగా ఉన్నారు. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

ముందు, నిన్న ఎవరెవరితో ఎదురెదురుగా మాట్లాడారో కాగితం మీద రాయండి. ఫోన్లూ వాట్సాప్ గ్రూపులూ లెక్కలోకి రావు. ముగ్గురు కూడా లేకపోతే కింద చెప్పినవాటిలో ఒకటో రెండో మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే వారానికే మానేస్తారు.

అన్నిటికన్నా తేలికైనది కూరగాయలు. యాప్‌లో తెప్పించడం మానేసి, వారం సరుకు కాకుండా రెండు రోజులకు సరిపడానే కొనండి. అప్పుడు వారానికి మూడుసార్లు రైతు బజారుకు వెళ్లక తప్పదు. అక్కడ ధర బోర్డు మీదే ఉంటుంది, బేరాల గొడవ లేదు కాబట్టి మాటకు చోటుంటుంది. ఒకే వేళకు, ఒకే మనిషి దగ్గరికి వెళ్లండి. రోజూ అదే రైతు ఉండకపోవచ్చు, ‘మళ్లీ ఏ రోజు వస్తావమ్మా?’ అని అడిగేయండి. అసలు పరిచయం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. రద్దీ వేళ మాత్రం వద్దు: వెనక నలుగురు సంచులు పట్టుకుని నిలబడి ఉంటే ఎవరూ మాట్లాడరు.

వాకింగ్‌లో చాలామంది చేసే పొరపాటు, అందరూ తిరిగే దిక్కుకే తిరగడం. ఒకే వేగంతో నడిస్తే ముందున్నవాళ్ల వీపు తప్ప ముఖం కనపడదు. పార్కులో ట్రాక్ వెడల్పుగా ఉంటే అంచున ఎదురు దిక్కుకు నడవండి. ప్రతి మనిషీ చుట్టుకు రెండుసార్లు ఎదురవుతారు. ఇయర్‌ఫోన్లు ఇంట్లో వదిలేయండి. మొదటి వారం తల ఊపడం చాలు. రెండో వారం ‘నిన్న కనపడలేదే మాస్టారూ’ అనండి. కూర్చుని మాట్లాడటం మూడో వారం సంగతి, తొందరపడితే అవతలివాళ్లు బెదురుతారు.

ఏం మాట్లాడాలన్నది పెద్ద సమస్య కాదు: ఎండ, కరెంటు, మోకాళ్ల నొప్పులు, ఈసారి ఆవకాయకు కాయ ఎక్కడ కొన్నారు. ఏం అడగకూడదో తెలియకే పరిచయాలు చెడతాయి. ఇంటిపేరు ఆరా తీస్తే కులం కోసమే అనుకుంటారు. అబ్బాయి జీతం, అమ్మాయి పెళ్లి, ‘ఇంకా పిల్లల్లేరా?’ వంటివి అస్సలు వద్దు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, అంతే.

మార్చిలోనే వేళలు మార్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆలస్యంగా వెళితే తెలిసినవాళ్లంతా ఇళ్లకు చేరి ఉంటారు. ‘రేపటి నుంచి ఎన్నింటికి వస్తున్నారు?’ అని ముందే అడిగి పెట్టుకోండి.

ఒంటరిగా ఉండేవాళ్లు వాచ్‌మన్‌కూ, రోజూ పలకరించే ఇంకొకరికీ పిల్లల ఫోన్ నంబరు ఇవ్వాలి. ఊరెళ్తుంటే ఇద్దరికీ చెప్పి వెళ్లాలి. చెప్పకుండా రెండు రోజులు కనపడకపోతే వాళ్లు వచ్చి తలుపు కొడతారు.

ఇవన్నీ చేస్తున్నా నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే అది పలకరింపులతో తీరేది కాదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.