ముందు చర్మం, ఆ తర్వాతే పథ్యం: ఎగ్జిమా ఉన్న పసిబిడ్డను చూసుకునే పద్ధతి

మా పాపకు పదో నెలలో బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రబడి రసి కారడం మొదలైనప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివారూ అడిగిన మొదటి ప్రశ్న "ఏం తినిపించినావు?" అనే. భయంతో పాలు, గుడ్డు, పప్పు ఒకదాని తర్వాత ఒకటి మానిపించాను. దద్దురు అలాగే ఉంది, బిడ్డ మాత్రం చిక్కిపోయింది. చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే ఈ జబ్బే ఎగ్జిమా. దీనికి మూలం ముఖ్యంగా తేమను పట్టి ఉంచలేని బలహీనమైన చర్మపు పొర. కొందరు పిల్లలకు దానితోపాటు ఆహారపు అలర్జీ కూడా ఉంటుంది కానీ, ఊహ మీద ఆధారపడి ఏ ఆహారాన్నీ మానిపించకూడదు. ఇది గజ్జిలా అంటుకునే జబ్బు కూడా కాదు, అందుచేత బిడ్డను తోటి పిల్లలకు దూరంగా ఉంచనక్కరలేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం పొడిగాలిలో తేమను కాపాడడమే సగం వైద్యం. గోరువెచ్చని నీటితో 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించి, సున్నిపిండితో రుద్దకుండా, మెత్తని గుడ్డతో అద్ది, ఒళ్లు పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ గానీ వాసన లేని క్రీము గానీ దట్టంగా పట్టించాలి. రోజుకు కనీసం రెండుసార్లు రాయాలి. చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే చాలినంత రాయడం లేదనే అర్థం. అవ్వలు ప్రేమతో చేసే నూనె మర్దనా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గానుగ శెనగనూనెలో వేరుశనగ మాంసకృత్తులు మిగిలి ఉంటాయి, అవి పగిలిన చర్మం గుండా లోపలికి చేరితే అలర్జీకి దారితీయవచ్చు.

ఎర్రబడిన చోట డాక్టరు రాసిచ్చిన స్టిరాయిడ్ క్రీమును భయపడి సగంలో ఆపకూడదు. పెద్దవారి చూపుడువేలి చివరి గీత నుంచి కొన వరకు పిండిన క్రీము సుమారు అర గ్రాము ఉంటుంది, అది పెద్దవారి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే, రెండు మూడు మందులు కలిపిన క్రీములను మాత్రం ముట్టవద్దు. వాటిలో పసిచర్మాన్ని పలచబరిచే బలమైన స్టిరాయిడ్ ఉండవచ్చు. చీముపొక్కులు, పసుపు పచ్చని పెచ్చులు, జ్వరం కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఇక ఆహారం. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తే అలర్జీని అనుమానించి, ఏమి, ఎంత, ఎన్ని గంటలకు తిన్నదో రాసిపెట్టి, ఫోటో తీసి డాక్టరుకు చూపించాలి. చర్మపరీక్ష, రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఖాయం కాదు, తిన్నప్పుడు జరిగినదానితో కలిపి చూసి డాక్టరే తేల్చాలి. వేరుశనగను ఎక్కువకాలం దూరం పెట్టడమూ మేలు కాదు. 2015లో వెలువడిన లీప్ అనే వైద్య అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 4 నుంచి 11 నెలల శిశువులకు వేరుశనగ పెడుతూ వచ్చినప్పుడు, ఐదేళ్లకు వేరుశనగ అలర్జీ చాలా తక్కువమందిలో కనిపించింది. అయితే అలాంటి బిడ్డకు మొదటిసారి డాక్టరును అడిగాకే పెట్టాలి, అదీ పలచని ముద్దగా కలిపి. పూర్తి గింజలు గొంతులో అడ్డుపడతాయి కనుక ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు.

వేరుశనగ అలర్జీ నిర్ధారణ అయితే మన సీమలో జాగ్రత్త రెట్టింపు కావాలి, ఎందుకంటే ఊరిబిండిలో, గుత్తి వంకాయ మసాలాలో, చిత్రాన్నంలో, చిక్కీలో, బజ్జీలు వేయించే గానుగనూనెలో కూడా అదే ఉంటుంది. పెళ్లికి, జాతరకు వెళ్లేటప్పుడు బిడ్డ భోజనం డబ్బాలో పట్టుకెళ్లడం మంచిది. అంగన్‌వాడీ టీచరుకు, ఆయాకు ఏది పెట్టకూడదో, ఏమైతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి.

ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, బిడ్డ ఒక్కసారిగా నీరసపడి సొమ్మసిల్లినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడలో వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్, దురద మందు దానికి బదులు కాదు. డాక్టరు ముందే ఆ ఇంజెక్షన్ ఇచ్చి నేర్పించి ఉంటే ఆలస్యం చేయకుండా వేసి, బిడ్డను పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి.