మగ్గం వర్క్ (బ్లౌజుల మీద పూసలు, జరీ కుట్టే పని) సామాను ఆన్‌లైన్‌లో కొనడం, 4వ పాఠం: క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఏమీ కాదనుకున్నవాళ్లకి

ఈ వారం ఫొటో అసలుదా కాదా ఎలా చూడాలో చెప్తానన్నాను. అది పక్కన పెడుతున్నా. పోయిన పాఠంలో "కొత్త సైట్ అయితే ముందే డబ్బు కట్టకండి, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే. ఆ ముక్క పట్టుకుని ముగ్గురు ఆర్డర్లు పెట్టేశారు. తాడిపత్రి ఆమెకు కిలో షుగర్ బీడ్స్ (సన్న గాజు పూసలు) బదులు పావుకిలో కూడా లేని ప్లాస్టిక్ పూసలు వచ్చాయి. గుత్తి ఆమెకు జర్దోసి (స్ప్రింగ్‌లా చుట్టిన మెరుపు తీగ) అయితే వచ్చింది గానీ బ్లౌజు చేతులు పూర్తయ్యేలోపే నల్లబడింది. ధర్మవరం ఆమె సంగతి కింద చెప్తాను, ఆమెకు పార్సిల్ డబ్బుతో ఆగలేదు.

క్యాష్ ఆన్ డెలివరీలో డబ్బు ఇచ్చేటప్పుడు మీరు చూసేది డబ్బానే, లోపలి వస్తువును కాదు. తెచ్చిన అబ్బాయి కొరియర్ వాళ్ల మనిషి, లోపల ఏముందో అతనికీ తెలీదు, మామూలుగా డబ్బు చేతిలో పడేదాకా విప్పనివ్వడు, విప్పాక వెనక్కి తీసుకోడు, అతని మీద అరిస్తే వీధంతా వినడం తప్ప ఇంకేం రాదు. కాబట్టి మీ పని ఆ కట్టే ముందు రెండు నిమిషాల్లోనే. లేబుల్ చదవండి. పంపినవాళ్ల పేరు మీరు ఆర్డర్ పెట్టిన పేరేనా? బరువు వేసి ఉంటే ఎంత వేశారు? చీరలు కొనేవాళ్లకు లేని వీలు మనకుంది, మనది తూకం సామాను. కిలో పూసలంటే చేతికే తెలిసిపోతుంది. నేనైతే వంటింటి కాటా తెచ్చి వాకిట్లోనే పెడతాను, అబ్బాయి నవ్వుతాడు, నవ్వనీ. కిలోకి 300 గ్రాములు చూపిస్తే "వద్దు నాయనా" అని పంపేయడమే, రూపాయి కట్టనక్కర్లేదు. తీసుకుంటే మాత్రం టేపు కోయకముందే వీడియో మొదలుపెట్టండి, ముందు లేబుల్, తర్వాత డబ్బా అన్ని వైపులా, తర్వాత కోత, మధ్యలో ఆపకుండా. ఆపి అతికించిన వీడియోను ఎవరూ నమ్మరు.

అసలు ఆర్డర్ దాకా పోకుండానే పట్టుకునే దారి ఒకటుంది, ఇది నా సొంతది. అమ్మేవాళ్లకు మెసేజ్ పెట్టి ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఈ షుగర్ బీడ్ సన్న ఆరీ సూదికి ఎక్కుతుందా?" ఆరీ సూది అంటే మగ్గం పనికి వాడే కొక్కెం సూది. సామాను తెలిసినవాళ్లు సైజు చెప్తారు, లేదా ఏ సూదితో అని తిరిగి అడుగుతారు. మోసగాడు "ఎస్ మేడమ్, ప్రీమియం క్వాలిటీ, ఈ రోజే ఆఫర్" అంటాడు. జర్దోసి అయితే ఎన్ని గ్రాములు అని అడుగుతా, దారం అయితే షేడ్ నంబర్. చెప్పలేదా, వదిలేయడమే. పాతూరులో నేను కొనే షాపాయన నంబర్ చూడకుండానే షేడ్ చెప్తాడు, అందుకే ఇప్పటికీ సగం సామాను అక్కడే కొంటాను. ఆన్‌లైన్ పాఠం చెప్తూ ఈ మాటేంటి అంటారేమో, అంతే మరి.

అమ్మేవాళ్లు జీఎస్‌టీ నంబర్ ఇస్తే అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉంటాయి, మొదటి రెండూ రాష్ట్రం కోడ్. మన ఆంధ్రప్రదేశ్‌కి 37, గుజరాత్‌కి 24. "సూరత్ నుంచి నేరుగా" అని రాసి నంబర్ 07తో మొదలైతే అది ఢిల్లీ, అడగండి. జీఎస్‌టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబర్ కొట్టి పేరు చూడొచ్చు, బతికున్న నంబరా రద్దయిందా అన్నదీ కనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని చిన్నగా అమ్ముకునే ఆడవాళ్లకు జీఎస్‌టీ ఉండకపోవచ్చు, అంతమాత్రాన వాళ్లు దొంగలు కారు.

ఇప్పుడు ధర్మవరం ఆమె. పార్సిల్‌లో చెత్త వచ్చింది, కోపంలో ఆ సైట్ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబర్ అని వెతికింది, పైన కనిపించిన నంబర్‌కి ఫోన్ చేసింది. అవతల మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి, "రిఫండ్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి" అన్నాడు. కొట్టింది. 1,200 పోయినచోట ఇంకో 9,000 పోయాయి. ఇది ఆమె ఒక్కతే కాదు, నాకు రాసినవాళ్లలో ఇది నాలుగో మనిషి, అందుకే విసుగొచ్చి గట్టిగా రాస్తున్నా. కదిరి నరసింహస్వామి హుండీలో డబ్బు వేయడానికి మీకు తాళంచెవి కావాలా? అక్కర్లేదు, పైనుంచి వేసేస్తారు. తాళంచెవి కావాల్సింది లోపలి డబ్బు బయటికి తీయడానికి. పిన్ ఆ తాళంచెవి. మీకు డబ్బు రావాలంటే పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు, "ముందు 5 రూపాయలు వేయండి, వెరిఫై అవుతుంది" అన్నది అక్కర్లేదు, వాట్సాప్‌లో పంపిన "రిఫండ్ ఫారం" యాప్ ఫోన్లో వేసుకోవడం అసలే అక్కర్లేదు. మీరు ఫోన్‌పేతో కట్టినా గూగుల్ పేతో కట్టినా ఇదే లెక్క. "కానీ అక్కా, ఆయన నా ఆర్డర్ నంబర్ కూడా చెప్పాడు" అంది. చెప్పకేం, రెండు నిమిషాల ముందు ఆమే చెప్పింది.

కస్టమర్ కేర్ నంబర్ సెర్చ్‌లో వెతకొద్దు, యాప్ లోపలి నుంచే తీసుకోండి. ఇంకోటి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే సైట్ ఫిర్యాదుల అధికారి పేరు, నంబర్ చూపించాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. సైట్ అడుగున ఆ పేరే లేకపోతే నేను పూసలు కూడా చూడను.

ధర్మవరం ఆమె, ఖాతాలోంచి పోయిన డబ్బు కోసం 1915కి ఫోన్ చేసి రోజంతా పోగొట్టుకుంది. బొమ్మలో ఒకటి చూపించి పార్సిల్లో ఇంకోటి పంపితే 1915, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. ఖాతాలోంచి డబ్బు లాగేస్తే 1930, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, అదీ ఆ నిమిషమే, ఎందుకంటే ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది, మధ్యలో ఎక్కడైనా ఉండగా పట్టుకుంటేనే ఆపగలరు. యూపీఐ లావాదేవీ కింద ఉండే 12 అంకెల నంబర్ దగ్గర పెట్టుకుని చేయండి.

అభ్యాసం ఈసారి రోంత ఎక్కువే. మీ దగ్గరున్న షుగర్ బీడ్స్, కట్ బీడ్స్, కుందన్లు తలా ఒక డబ్బా కాటా మీద పెట్టి బరువులు నోట్‌బుక్‌లో రాయండి. పాత పార్సిల్ డబ్బాకు టేపు వేసి ఆపకుండా వీడియో తీయడం రెండుసార్లు చేయండి, మొదటిసారి లేబుల్ మీద కెమెరా కచ్చితంగా మసకగా వస్తుంది. మూడు కొత్త సైట్లకు ఆరీ సూది ప్రశ్న పంపి జవాబులు నాకు పెట్టండి. ఏదీ ఆర్డర్ పెట్టొద్దు. తాడిపత్రి ఆమెకు మళ్లీ చెప్తున్నా, పెట్టొద్దు.