ఇంట్లో మరమ్మతులు, చేతిలో విమానం టికెట్లు

విదేశంలో మీరుంటున్న ఇల్లు బాగు చేయించుకుంటున్నారా? చెక్క నేలకు పాలిష్ వేసే వారాన్నే సెలవుల ప్రయాణానికి ఎంచుకోండి. పాలిష్‌గా వేసే నూనె ఆధారిత పాలియురెథేన్ పూత వాసన రోజుల తరబడి పోదు, చిన్నపిల్లలతో ఆ ఇంట్లో పడుకోవడం నరకమే. పూత పైకి ఆరినట్లు కనిపించినా పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది కాబట్టి తిరిగొచ్చాక కూడా తివాచీలు వెంటనే పరవకండి.

గోడలు పగలగొట్టడం, పైపులు మార్చడం మాత్రం మీరు ఊళ్లో లేనప్పుడు వద్దు. లోపల ఏం బయటపడుతుందో మేస్త్రీకే తెలియదు. అప్పటికప్పుడు నిర్ణయం చెప్పాలి, మీరేమో విమానంలో ఉంటారు. కాస్త చూసి రమ్మనడానికి పక్క వీధిలో బాబాయి, అత్తయ్య ఉండరు కదా!

జిప్సం బోర్డుతో మూయకముందే, తెరిచి ఉన్న ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు తీగలు, పైపులు ఎక్కడున్నాయో వెతుక్కోనక్కర్లేదు.

ఇల్లు 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే చాలా బీమా పాలసీల్లో రక్షణ తగ్గిపోతుంది. సుదీర్ఘ సెలవైతే ఆ నిబంధన చదవండి, మరమ్మతుల సంగతీ ముందే చెప్పండి. పనివాళ్లు రాని రోజులుంటే ప్రధాన నీటి వాల్వు కట్టేయించండి. చివరి వాయిదా డబ్బు మాత్రం తిరిగొచ్చి, పని కళ్లారా చూశాకే.