తెరచాప ఓడ మీద నీటి పాఠాలు – 4: తేటనీళ్ళన్నీ మంచినీళ్ళు కావు

ఈ పాఠంలో నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవడం మొదలుపెడదామని పోయినసారి చెప్పాను. సీసాలు, మందు చుక్కలు సిద్ధం చేసుకోమన్నాను. వాటిని కాసేపు పక్కన పెట్టండి. మూడో పాఠం తర్వాత మీరు పంపిన సెక్కి పళ్ళెం (తాడుకు కట్టి నీటిలోకి దించి, ఎంత లోతు వరకు కనబడుతుందో చూసే పళ్ళెం) లెక్కలన్నీ కూర్చుని చదివాను. రెండు తప్పులు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ఒకటి చిన్నది, పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. రెండోదాన్ని ఇలాగే వదిలేస్తే రేపు మీ ఓడ ఎక్కే పిల్లలకు మీరు అదే నేర్పుతారు. అందుకే ముందు వీటి సంగతి చూద్దాం.

చిన్న తప్పు ఇది. ఒకే మధ్యాహ్నం, ఒకే ఓడ మీద నుంచి ఇద్దరు కొలిచారు. ఒకరు 8 మీటర్లు అని రాశారు, ఇంకొకరు ఆరున్నర అని రాశారు. ఇద్దరి చూపూ బాగానే ఉంది. మొదటివారు పళ్ళెం కనుమరుగైన క్షణంలో రెయిలింగ్ దగ్గర తాడు పట్టుకుని, అక్కడున్న గుర్తు చదివేశారు. ఆ రెయిలింగ్ నీటికి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంది. గాలిలో వేలాడుతున్న తాడు కూడా లోతు లెక్కలోకి వచ్చేసింది. లోతును నీటి మట్టం నుంచి లెక్కపెట్టాలి, మన చేతి దగ్గర నుంచి కాదు.

దీనికి నేను చేసేది చాలా తేలిక. పళ్ళెం కనుమరుగైనప్పుడు రెయిలింగ్ దగ్గర తాడుకు ఒక బట్టల క్లిప్పు పెడతాను. తర్వాత తాడు పైకి లాగి, పళ్ళెం సరిగ్గా నీటి మట్టానికి రాగానే, అదే రెయిలింగ్ దగ్గర రెండో క్లిప్పు పెడతాను. రెండు క్లిప్పుల మధ్య ఉన్న తాడే లోతు. టేపుతో కొలవడమే మిగిలింది. ఓడ ఎంత ఎత్తున్నా, తాడు మీద గుర్తులు చెరిగిపోయినా బాధ లేదు. గుర్తులు వేసిన తాడు మీద నాకు నమ్మకం తక్కువ. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది.

తాడు ఏటవాలుగా పోతే ఏం చేయాలని కూడా అడిగారు. ఓడ గాలికి కొట్టుకుపోతున్నప్పుడు తాడు నిలువుగా దిగదు. 30 డిగ్రీలు వాలితే, 20 మీటర్ల తాడు వదిలినా పళ్ళెం ఉండేది 17.3 మీటర్ల దగ్గరే. 15 డిగ్రీల లోపు అయితే తేడా నూటికి మూడున్నర కూడా ఉండదు. లెక్క కట్టి సరిదిద్దవచ్చు కానీ నేను సరిదిద్దను. 15 దాటితే ఆ కొలత కొట్టేసి మళ్ళీ దించుతాను. తెరచాపలను ఎదురుగాలికి తిప్పి ఓడను నిలిపినప్పుడు గాలి వచ్చే వైపు నుంచే దించండి. రెండో వైపు నుంచి దించితే ఓడ తాడు మీదికి జరిగి, తాడు ఓడ అడుగుకు పోతుంది. ఎండ కూడా గాలి వైపే ఉంటే పళ్ళెం చూడటానికి కావలసిన ఓడ నీడ దొరకదు. అప్పుడు లంగరు వేసే చోటు వరకు ఆగండి. లంగరు వేసిన ఓడకు రెండు వైపులూ మనవే.

నల్ల కళ్ళద్దాలు తీసేయమని, కనుమరుగైన లోతు, మళ్ళీ కనబడిన లోతు రెండూ రాసి సగటు తీయమని మూడో పాఠంలోనే చెప్పాను. ఇక చెప్పను.

ఇప్పుడు పెద్ద తప్పు. చాలామంది కొలత కింద ఒక వాక్యం రాశారు: "పళ్ళెం ఇంత లోతు వరకు కనబడింది కాబట్టి ఈ సరస్సు నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి." కొలిచింది తేట. రాసింది శుభ్రం. నల్లనివన్నీ నీళ్ళు, తెల్లనివన్నీ పాలు అనుకోవద్దని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మరిచిపోతున్నాం.

పళ్ళెం చెప్పేది ఒక్కటే: వెలుతురు ఎంత లోతుకు పోయి తిరిగి మన కంటికి వస్తోందో. 1865 ఏప్రిల్‌లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త, జెస్యూట్ ఫాదర్ ఆంజెలో సెక్కి, పోపు గారి ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి తెల్లటి పళ్ళేలు దించాడు. ఆయన అడిగిన ప్రశ్న సముద్రం ఎంత పారదర్శకంగా ఉందన్నదే. తర్వాత సరస్సుల కోసం నాలుగు పావు భాగాలు చేసి నలుపు, తెలుపు రంగులు వేసిన 20 సెంటీమీటర్ల పళ్ళెం వాడుకలోకి వచ్చింది. ఈ 160 ఏళ్ళలో పళ్ళెం రంగు మారింది కానీ అది జవాబిచ్చే ప్రశ్న మారలేదు.

తేట ఎందుకు మోసం చేస్తుందో చూపించడానికి ఉత్తర అమెరికాలోని మిచిగన్ సరస్సును మించిన పాఠం నాకు కనబడలేదు. ఈ కథ ఓడల కథ కూడా. సరుకు దించేసిన ఓడ తేలికైపోయి నీటి మీద నిలకడగా ఉండదు. అందుకే అడుగున ఉన్న తొట్లలోకి నీళ్ళు నింపుకుంటుంది. వాటిని బలాస్ట్ నీళ్ళు అంటారు. తర్వాతి రేవులో సరుకు ఎక్కించుకునేటప్పుడు ఆ నీళ్ళు వదిలేస్తుంది. సెయింట్ లారెన్స్ జలమార్గం 1959లో తెరుచుకున్నాక సముద్రపు ఓడలు నేరుగా ఉత్తర అమెరికా మహా సరస్సుల్లోకి రాసాగాయి. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల జీవులు ఆ నీళ్ళలో కలిసి వచ్చాయి. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప కనబడింది. మరుసటి ఏడాది ఈరీ సరస్సులో దాని దగ్గరి చుట్టం క్వాగ్గా మస్సెల్ కనబడింది.

వేలి గోరంత ఉండే ఈ ఆల్చిప్ప రోజుకు దాదాపు లీటరు నీళ్ళు వడపోయగలదు. అవి మిచిగన్ లాంటి సరస్సు అడుగంతా పరుచుకుంటే ఏమవుతుంది? నీటిలో తేలే సూక్ష్మ నాచును, అంటే వృక్ష ప్లవకాలను, అవి తినేస్తాయి. నీళ్ళు తేటబడతాయి. ఒకప్పుడు మహా సరస్సుల్లో అన్నిటికన్నా తేటైనది సుపీరియర్. మిచిగన్, హ్యూరాన్ సరస్సులు దాన్ని దాటేశాయని ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. పళ్ళెం ఇంకా ఇంకా లోతుకు కనబడుతోంది. మీ పద్ధతిలో అయితే సరస్సు ఇంకా ఇంకా శుభ్రపడుతోందని రాయాలి.

ఆ తేట వెనక ఏం జరిగిందో చూడండి. వృక్ష ప్లవకాలు తగ్గితే వాటిని తినే జంతు ప్లవకాలకు, అంటే నీటిలో తేలే చిన్న చిన్న జీవులకు, తిండి లేదు. వాటిని తినే చేపపిల్లలకూ లేదు. అడుగు మట్టిలో బతికే డైపోరియా అనే రొయ్యలాంటి చిన్న జీవి చేపలకు ముఖ్యమైన ఆహారంగా ఉండేది. ఆల్చిప్పలు వచ్చాక అది సరస్సులో చాలా చోట్ల కనబడకుండా పోయింది. వెలుతురు అడుగుదాకా చేరడంతో ఒడ్డు దగ్గరి రాళ్ళ మీద క్లాడోఫోరా అనే పీచు నాచు దట్టంగా పెరుగుతోంది. అది ఊడి, ఒడ్డుకు కొట్టుకొచ్చి, కుళ్ళుతుంది. కుళ్ళే చోట ఆక్సిజన్ ఉండదు. అలాంటి చోట బొట్యులిజం విషం పుట్టి, చేపల ద్వారా నీటి పక్షులకు చేరి వాటిని చంపుతుంది. ఇదంతా తేటనీటిలోనే జరుగుతోంది.

ఇంకొన్ని ఉదాహరణలు. ఆమ్ల వర్షాలతో పులిసిపోయిన సరస్సులు అద్దంలా తేటగా ఉంటాయి. చేపలు బతకవు. బురదనేలల నుంచి ఆకుల రసం దిగే సరస్సులు టీ రంగులో ఉంటాయి. పళ్ళెం రెండు మీటర్లకే మాయమవుతుంది, అయినా అందులో జీవం నిండుగా ఉంటుంది. వేసవి చివర మిచిగన్ సరస్సులో సున్నపు రేణువులు ఏర్పడి నీళ్ళు పాలలా అవుతాయి. అది మురికి కాదు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు నీటిలో కలిస్తే కంటికి ఏమీ తెలియదు. ఈ.కోలై బాక్టీరియా కూడా కనబడదు.

2014 ఆగస్టులో ఈరీ సరస్సు ఒడ్డునున్న టొలీడో నగరంలో నాలుగు లక్షల మందికి పైగా జనం దాదాపు మూడు రోజులు కుళాయి నీళ్ళు తాగలేకపోయారు. కారణం మైక్రోసిస్టిన్ అనే విషం. నీలి ఆకుపచ్చ బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. నీళ్ళు కాచినా ఆ విషం పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ బాక్టీరియా కణాలు పగిలిపోయాక నీళ్ళ రంగు తేలికపడినా, విషం ఇంకా నీటిలోనే ఉండవచ్చు.

మరి పిల్లలకు ఎలా చెప్పాలి? మాటలతో చెప్పకండి. పళ్ళెం దించిన చోటే, ఓడ కదలక ముందే, ఇంకో రెండు పనులు చేయించండి. సన్నని ప్లవకాల వలను నిలువుగా దించి లాగించండి. అడుగు మట్టిని గిన్నెలా పట్టుకొచ్చే పోనార్‌ను దించండి. దాన్ని పైకి లాగడానికి నలుగురు పిల్లలు తాడు పట్టుకోవాలి. పొద్దున తెరచాప ఎత్తిన చేతులతోనే సరస్సు అడుగు పైకి తెస్తున్నామని వాళ్ళకు ఒంటికి తెలుస్తుంది. ఓడ మీద చదువులో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ క్షణమే. తాడును మోటారుతో లాగించడం నాకు ఇష్టం లేదు. వలలో ఏమీ లేదు, మట్టిలో దోసెడు ఆల్చిప్పలు, నోట్‌బుక్‌లో పళ్ళెం 12 మీటర్లు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి పిల్లల్ని అడగండి. జవాబు వాళ్ళే చెప్తారు, కొంచెం ఆలస్యంగా అయినా.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వల, తాడు, పోనార్ ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు తడిగా పోకూడదు. కడిగి, నీళ్ళన్నీ ఓడ్చి, కనీసం ఐదు రోజులు ఆరబెట్టాలి. ఈ ఆల్చిప్పల పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి. ఆ సరస్సులను మార్చేసింది ఓడ తొట్లలోని నీళ్ళే అని పిల్లలకు చెప్పి, మన బకెట్ నీళ్ళు పక్క సరస్సులో పారబోస్తే ఎలా? ఓడల బలాస్ట్ నీటి మీద అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరి, 2017 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. మన బకెట్ కోసం ఎవరూ ఒప్పందం రాయరు. అది మన పని.

ఇక ఆక్సిజన్. మిగిలిన చోటులో మొదటి సగం చెప్తాను. ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రానిక్ మీటర్ ఉన్నా పక్కన పెట్టండి. 1888లో హంగరీకి చెందిన లాయోష్ వింక్లర్ చెప్పిన పద్ధతే మొదట నేర్చుకోండి. అందులో ఆక్సిజన్ గోధుమ రంగు మబ్బులా సీసాలో కళ్ళ ముందే కనబడుతుంది. మబ్బు తెల్లగా ఉంటే ఆ నీటిలో ఆక్సిజన్ లేదు. ఏ మందు ఎన్ని చుక్కలో డబ్బాలోని కాగితం మీద ఉంది. అక్కడ లేనిది ఒకటే: నీటి సీసా నుంచి వచ్చే గొట్టాన్ని చిన్న సీసా అడుగుకు తాకించి, సీసా నిండాక దానికి ఇంకో రెండింతల నీళ్ళు పొంగి పోనివ్వండి. మూత పెట్టి తలకిందులు చేసి చూడండి. ఆవగింజంత బుడగ ఉన్నా పారబోసి మళ్ళీ పట్టండి. వాడేసిన మందు నీళ్ళు సరస్సులో పోయకూడదు. వాటికి వేరే డబ్బా పెట్టండి.

వచ్చిన అంకెను ఉష్ణోగ్రత లేకుండా చదవొద్దు. లీటరుకు 9 మిల్లీగ్రాములు వచ్చిందనుకోండి. 20 డిగ్రీల నీరు పట్టగలిగేది 9.1, అంటే ఇది దాదాపు నిండుగా ఉంది. 5 డిగ్రీల నీరు 12.8 పట్టగలదు, కాబట్టి అదే 9 అక్కడ 70 శాతం మాత్రమే. 25 డిగ్రీల దగ్గర 8.3 కన్నా ఎక్కువ పట్టదు. అక్కడ మధ్యాహ్నం 9 వచ్చిందంటే నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతోందని అనుమానించి, తెల్లవారుజామున మళ్ళీ కొలవాలి.

అభ్యాసం. ఓడ లేకపోతే పడవ, అదీ లేకపోతే లోతున్న చోట నిలిచిన వంతెన చాలు. ఒకే చోట, వరుసగా ఏడు రోజులు, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి పళ్ళెం దించండి. ప్రతిసారీ ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా కొలవాలి. కనుమరుగైన లోతు, మళ్ళీ కనబడిన లోతు కలిపి 84 అంకెలు రావాలి. నచ్చని అంకెను కొట్టేయకండి, పక్కన గాలి, మబ్బు, అల ఎలా ఉన్నాయో రాయండి. పెన్సిల్‌తోనే రాయండి, సిరా తడిస్తే పోతుంది.

తర్వాత ఈ లెక్క చూడండి. ఒక సరస్సులో పళ్ళెం 11 మీటర్ల దాకా కనబడింది. పైన 20 డిగ్రీలు, ఆక్సిజన్ 9. 25 మీటర్ల లోతులో 5 డిగ్రీలు, ఆక్సిజన్ 4. వల దాదాపు ఖాళీ. "శుభ్రం" అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా ఈ సరస్సు గురించి పది వాక్యాలు రాసి పంపండి. తర్వాత ఏం కొలుస్తారో, దాన్ని ఓడ ఏ వైపు నుంచి దించుతారో పదో వాక్యంలో ఉండాలి.