ఆరోగ్యశ్రీ చర్చల్లో వినిపించే అంకెలను పరీక్షించడం ఎలా

ప్రభుత్వ వైద్యంపై రెండు తెలుగు రాష్ట్రాల్లో జరిగే వాదోపవాదాల్లో పచ్చి అబద్ధాలు మనం అనుకున్నంత ఎక్కువగా ఉండవు. నిజమైన అంకెనే తీసుకుని, అది చెప్పని విషయానికి సాక్ష్యంగా నిలబెట్టడం ఎక్కువగా జరుగుతుంది. అందుకే ఒక ప్రకటన వినగానే అది నిజమా కాదా అని వెతకడానికి ముందు, దానిని ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోవాలి. ఎవరికి, ఎంతమందిలో ఎందరికి, ఏ సంవత్సరంలో, ఎవరి లెక్క ప్రకారం అనే నాలుగు వివరాలూ ఆ వాక్యంలో ఉండాలి. అలా రాయడానికి వీలు కానిది నినాదమే తప్ప పరిశీలనకు నిలిచే వాదన కాదు కనుక, దాని మీద ఎక్కువ సమయం వెచ్చించనక్కరలేదు.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే అంకె, ఆసుపత్రి చికిత్సకు ఒక్కో కుటుంబం తరఫున ప్రభుత్వం ఏటా చెల్లించే గరిష్ఠ పరిమితి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆ పరిమితి 1.5 లక్షల రూపాయలు, దానికి తోడు అవసరమైతే మరో 50 వేలు. 2023 డిసెంబరులో తెలంగాణ దానిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచగా, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు చేసింది. ఈ అంకెల్లో అబద్ధం లేదు. అయితే “పేదవాడికి 25 లక్షల వైద్యం అందిస్తున్నాం” అన్న మాటకూ, “అవసరమైతే 25 లక్షల వరకు చెల్లించే వీలు కల్పించాం” అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. పథకంలోని చాలా చికిత్సల ప్యాకేజీ ధర (ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన మొత్తం) పాత పరిమితికే ఎంతో దిగువన ఉంటుంది కాబట్టి, పరిమితి పెంపు వల్ల నేరుగా లాభపడేది ఏడాదిలో 5 లక్షలు దాటిన కుటుంబాలు మాత్రమే. గిడ్డంగి ఎంత పెద్దదో చెప్పినంత మాత్రాన అందులో ధాన్యం ఎంత ఉందో తెలియదు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: పరిమితి పెంచకముందు ఏటా ఎన్ని కుటుంబాల ఖర్చు పాత పరిమితిని దాటింది? ఆ సంఖ్య చెప్పకుండా పెంపును పొగిడినా, దండగ అని తీసిపారేసినా, రెండు వాదనలూ అసంపూర్ణమే.

చికిత్సల సంఖ్య విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తెలంగాణలో 2024లో 163 చికిత్సలు చేర్చడంతో జాబితా 1,672 నుంచి 1,835కు చేరింది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో 3,257 ఉన్నట్లు అక్కడి అప్పటి వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ప్రచారం చేసింది. వీటిని పక్కపక్కన పెట్టి ఒక రాష్ట్రం మరొకదానికి దాదాపు రెట్టింపు వైద్యం ఇస్తోందని తేల్చడం తొందరపాటు. ఒకే శస్త్రచికిత్సను రకాన్ని బట్టి మూడు కోడ్‌లుగా విడగొట్టిన జాబితా సహజంగానే పొడవుగా కనిపిస్తుంది. జాబితాలో ఏముందన్న దానికంటే ఏది లేదన్నది రోగికి ఎక్కువ ముఖ్యం. పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినది. బీపీ, షుగర్ మందులకు నెలనెలా అయ్యే ఖర్చు, మామూలు ఓపీ ఖర్చు చాలావరకు కుటుంబం మీదే పడతాయి. కాబట్టి “వైద్యం పూర్తిగా ఉచితం” అన్న మాట వినబడితే, ఏ వైద్యం అని అడగాలి.

బడ్జెట్ అంకెల వద్ద కాస్త ఎక్కువసేపు ఆగడం మంచిది, ఎందుకంటే తప్పుదోవ పట్టించడానికి అక్కడ ఉన్నంత వీలు మరెక్కడా లేదు. ఏ ఏడాదికైనా మూడు అంకెలు ఉంటాయి: శాసనసభలో మొదట ప్రకటించిన బడ్జెట్ అంచనా, ఏడాది చివర్లో సవరించిన అంచనా, చివరికి లెక్క తేలిన వాస్తవ వ్యయం. అధికార పక్షం మొదటి దానిని చదువుతుంది. వాస్తవ వ్యయం రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో, ఎవరూ పెద్దగా పట్టించుకోని నిలువు వరుసలో కనిపిస్తుంది. వైద్యం, ప్రజారోగ్యం కింద జీతాలు, మందుల వంటి రెవెన్యూ వ్యయం 2210 పద్దులో, కుటుంబ సంక్షేమం 2211లో, భవనాల వంటి మూలధన వ్యయం 4210లో ఉంటాయి. ఒక ఏడాది వీటన్నిటినీ కలిపి, మరో ఏడాది ఒక్క 2210నే తీసుకుని పోల్చితే పెరుగుదలనైనా తగ్గుదలనైనా సృష్టించవచ్చు.

దీనికి మించిన చిక్కు మరొకటుంది. ప్రభుత్వ లెక్కలు నగదు చెల్లింపుల ఆధారంగా నడుస్తాయి. నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకం కింద చికిత్స చేసే ఆసుపత్రి, ఈ ఏడాది చేసిన ఆపరేషన్‌కు బిల్లు వచ్చే ఏడాది చెల్లిస్తే, ఆ ఖర్చు వచ్చే ఏడాది ఖాతాలోనే కనిపిస్తుంది. బకాయిలు పేరుకుపోయిన ఏడాది ప్రభుత్వం పొదుపుగా నడిచినట్లూ, పాత బకాయిలు తీర్చిన ఏడాది వైద్యానికి ఉదారంగా ఖర్చు చేసినట్లూ కాగితం మీద అనిపిస్తుంది. బకాయిల కారణంగా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేయడం రెండు రాష్ట్రాల్లోనూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా జరిగింది. అందుచేత “ఇంత ఖర్చు చేశాం” అన్న ప్రకటనతో పాటు ఆ ఏడాది మొదట్లోనూ చివర్లోనూ బకాయి ఎంత ఉందో తెలుసుకోనిదే ఆ ప్రకటనకు విలువ కట్టలేము.

ఒక పథకం వల్లే ఫలానా ఫలితం వచ్చిందన్న వాదనకు వేరే రకం పరీక్ష కావాలి. తెలంగాణలో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2014-16లో 81 ఉండగా 2018-20 నాటికి 43కు తగ్గాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించే తల్లులకు నగదు సాయం, శిశువు సామగ్రి ఇచ్చే కేసీఆర్ కిట్ పథకం 2017 జూన్‌లో మొదలైంది కనుక ఘనత అంతా ఆ పథకానిదేనని చాలామంది చెప్పారు. ఆ పథకం లేని ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలంలో ఆ నిష్పత్తి 74 నుంచి 45కు, దేశం మొత్తం మీద 130 నుంచి 97కు తగ్గింది. తెలంగాణలో తగ్గుదల ఎక్కువన్నది వాస్తవమే. అయితే పథకం ఖాతాలో వేయదగినది మొత్తం తగ్గుదల కాదు, ఇతర చోట్ల కంటే అదనంగా తగ్గిన భాగం మాత్రమే. ఆ భాగానికి కూడా వేరే కారణాలు ఉండవచ్చు. పథకానికి ముందూ తర్వాతా అంకెలు చూపించే ప్రతి వాదనకూ పొరుగు రాష్ట్రాన్ని పక్కన పెట్టి చూడడం నా దృష్టిలో అన్నిటికంటే చవకైన, నమ్మదగిన పరీక్ష.

తేదీలనూ చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతను 2019-21 అని పిలుస్తారు కానీ, రెండు తెలుగు రాష్ట్రాల్లో దాని క్షేత్ర సేకరణ కోవిడ్ రాకముందే పూర్తయింది. ఆ సర్వే అంకెలతో కోవిడ్ కాలపు పాలనను మెచ్చుకున్నా, తప్పుపట్టినా అర్థం లేదు. ర్యాంకుల విషయానికొస్తే, 2019-20 నీతి ఆయోగ్ ఆరోగ్య సూచీలో పెద్ద రాష్ట్రాల మొత్తం స్కోరులో ఉత్తరప్రదేశ్ చిట్టచివర ఉంది, ఏడాదిలో సాధించిన మెరుగుదలలో అదే మొదటి స్థానంలో ఉంది. ఎవరికి కావలసిన వరుసను వారు ఏరుకున్నారు.

విమర్శించే పక్షం అంకెలకు మినహాయింపు ఇవ్వకూడదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ) నివేదికలో, కేంద్ర ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులు దాదాపు 7.5 లక్షల మంది ఒకే మొబైల్ నంబరుతో నమోదయ్యారని ఉంది. వాట్సాప్‌లో ఇది 7.5 లక్షల దొంగ రోగులుగా మారి తిరిగింది. లబ్ధిదారుల నిర్ధారణకు మొబైల్ నంబరు ఆధారం కాదని కేంద్ర ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఆ అంకె నమోదులో నిర్లక్ష్యాన్ని చూపుతుందే తప్ప, సొమ్ము స్వాహా అయిందని చూపదు. చనిపోయినట్లు నమోదైన రోగుల పేరుతో చికిత్సకు చెల్లింపులు జరిగాయని అదే నివేదిక చెప్పిన విషయం అంతకంటే తీవ్రమైనది, కానీ దానికి అంత ప్రచారం దక్కలేదు. నివేదికలో ఒక పేరా మీద వివాదం నడుస్తున్నప్పుడు ఆ పేరాకు ముందున్న పేజీ, తర్వాతి పేజీ, ప్రభుత్వం ఇచ్చిన సమాధానం కూడా చదవాలి.

కొత్త మెడికల్ కాలేజీల మీద ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తున్న గొడవలో పోరాటమంతా పేర్ల మీదే ఉంది. ఒకరు ప్రైవేటీకరణ అంటారు, మరొకరు పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) అంటారు. తలపెట్టిన 17 కాలేజీల్లో 2023-24లో తరగతులు మొదలైనవి విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల. శంకుస్థాపన, భవనం, జాతీయ వైద్య కమిషన్ అనుమతి, తరగతుల ప్రారంభం వేర్వేరు దశలు కనుక, “కట్టాం”, “కట్టలేదు” అనే ఇద్దరూ ఏ దశను లెక్కిస్తున్నారో చెప్పాలి. పీపీపీ గురించి అభిప్రాయం ఏర్పరచుకునే ముందు టెండరు పత్రాలు తెరిచి భూమి ఎవరి పేరు మీద ఉంటుందో, సీట్ల ఫీజును ఎవరు నిర్ణయిస్తారో, పేదలకు ఉచితంగా ఎన్ని పడకలు ఉంటాయో వెతకాలి.

ఇవేవీ బహిరంగంగా దొరకనప్పుడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కరలేదు. “ఆరోగ్యశ్రీ ఎందుకు సరిగా అమలు కావడం లేదు” అని అడిగితే ఆ ప్రశ్నను తిప్పి పంపడం సులభం, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డుల్లో ఉన్న సమాచారాన్నే. దానికి బదులు ఫలానా జిల్లాలో ఫలానా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎన్ని క్లెయిమ్‌లు వచ్చాయి, ఎన్ని ఆమోదించారు, ఎన్ని తిరస్కరించారు, చెల్లించిన మొత్తం ఎంత, మార్చి 31 నాటికి బకాయి ఎంత అని ఏడాదివారీగా పట్టిక రూపంలో అడగాలి. గడువులోగా సమాధానం రాకపోతే అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేయాలి.