అక్టోబర్‌లో 13 దెయ్యం సినిమాలు: చూసే తీరు, ర్యాంకులు వేసే లెక్క

అమెరికాలో హారర్ పిచ్చి ఉన్నవాళ్లు అక్టోబర్ 1న మొదలుపెట్టి 31న హాలోవీన్ రాత్రి దాకా రోజుకొకటి చొప్పున 31 సినిమాలు చూస్తారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. కానీ పొద్దున్నే ఉద్యోగానికి పరిగెత్తేవాళ్లకి 31 అయ్యే పని కాదు. రెండో వారానికే నాలుగు సినిమాలు బాకీ పడతాయి. ఆ బాకీ తీర్చడానికి ఒకే ఆదివారం మూడు చూస్తారు. మూడోది కళ్లు మూతలు పడుతుండగా అయిపోతుంది, పాపం దానికి చివరి ర్యాంకు వస్తుంది. అందుకని 13 పెట్టుకోండి. శుక్ర, శని, ఆదివారాలు ఒక్కోటి, హాలోవీన్ రాత్రికి ఒకటి. ఏ ఏడాది క్యాలెండర్ తీసినా ఈ లెక్క సరిపోతుంది.

దసరా ఎక్కువ ఏళ్లు అక్టోబర్‌లోనే వస్తుంది. ఇంటినిండా చుట్టాలుండే రోజుల్ని ముందే కొట్టేసి, వాటికి బదులు వారం మధ్యలో ఓ రాత్రి చూసుకోండి. దీపావళి దగ్గరపడితే సాయంత్రాలు టపాకాయల మోతే. నిశ్శబ్దం మీద నడిచే సినిమా ఆ నాలుగు రోజుల్లో పెట్టారంటే దాన్ని చేతులారా చంపినట్టే.

ఏవి ఎంచుకోవాలి, ఏ వరసలో

పదమూడింటిలో రెండు నలుపు తెలుపువి, మూడు తెలుగువి, ఒకటి జపాన్‌ది, ఒకటి ముసుగు హంతకుడిది, ఒకటి ఆవహించే దెయ్యానిది ఉండేలా చూసుకుని మిగతావి మీ ఇష్టం. ఒక రకంవి రెండు పక్కపక్కన పెట్టకండి. వరసగా రెండు రాత్రులు ఇంట్లో తిరిగే దెయ్యాన్నే చూస్తే రెండోది మొదటిదాని నకలులా అనిపిస్తుంది, అది ముందు వచ్చిన సినిమా అయినా సరే. నెమ్మదైన పాతవాటిని మొదటి వారంలోనే చూసేయాలి. కొత్తవాటి వేగానికి అలవాటు పడ్డాక 1960 నాటి ‘సైకో’ పెడితే మొదటి అరగంటలోనే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది.

హారర్ కామెడీని ఈ జాబితాలో కలపకండి. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) ఆడాక మన దగ్గర వరసపెట్టి వచ్చిన సినిమాల్లో సరదావి చాలానే ఉన్నాయి. కానీ నవ్వించిన సినిమాని, వణికించిన సినిమాని ఒకే తక్కెడలో వేస్తే ఏ రాయితో తూచాలో తెలియదు. వాటికి వేరే పేజీ పెట్టుకోండి.

పేరు రాసుకుంటే చాలదు, ఏ వెర్షనో కూడా రాసుకోవాలి. ‘ది షైనింగ్’ (1980) అమెరికా ప్రింటు 144 నిమిషాలు, బయటి దేశాలకి కోసి పంపింది 119 నిమిషాలు. ‘ది ఎగ్జార్సిస్ట్’ 1973లో 122 నిమిషాలు, 2000లో మళ్లీ విడుదల చేసినప్పుడు సుమారు పది నిమిషాలు పెరిగింది. స్నేహితులిద్దరూ చెరో వెర్షన్ చూసి ‘సాగింది’, ‘ఎక్కడ సాగింది’ అని గంటసేపు పోట్లాడుకోవడం వల్ల లాభం లేదు. ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) పేరు ఆఖర్లో మార్చినప్పుడు పాత టైటిల్ కార్డుతో పాటు కాపీరైట్ నోటీసు కూడా పోయింది. దాంతో సినిమా అందరి సొత్తయి, ఎవరు పడితే వాళ్లు వేసిన మసకబారిన ప్రింట్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2016లో బాగుచేసిన 4కే ప్రింటు వెతుక్కోండి. ఆ మసక చూసి సినిమాకి మార్కులు తగ్గిస్తే అన్యాయం.

అన్నిటికంటే పెద్ద తేడా 1922 నాటి మూకీ ‘నోస్ఫెరాటు’లో కనబడుతుంది. అందులో రాత్రి దృశ్యాల్ని పట్టపగలే తీశారు. ఆ రోజుల్లో ప్రింటుకి నీలం రంగు అద్దితే రాత్రని, పసుపు అద్దితే పగలని ప్రేక్షకుడు అర్థం చేసుకునేవాడు. రంగు పోయిన నలుపు తెలుపు కాపీలో పిశాచం ఎండలో శవపేటిక చంకన పెట్టుకుని ఊళ్లో నడిచిపోతుంటుంది. చివర్లో అదే పిశాచం సూర్యకిరణం సోకి మాయమైపోతుంది. ఇదేం విడ్డూరం, ఇందాక ఎండలో ఏమీ కాలేదే అనిపించి సినిమా మీద నమ్మకం పోతుంది. రంగులు అద్దిన ప్రింటు చూసినవాళ్లకి ఈ సందేహమే రాదు.

గది, టీవీ, చప్పుడు

హైదరాబాద్‌లో అక్టోబర్ ఆఖరుకి సాయంత్రం ఆరు కాకుండానే పొద్దుగూకుతుంది. ఎనిమిదికల్లా తిండి ముగించి ఎనిమిదిన్నరకి మొదలుపెడితే వంద నిమిషాల సినిమా పది దాటగానే అయిపోతుంది, నిద్ర చెడదు. తెలుగు సినిమాలకి ఇంకో గంట వేసుకోవాలి. ‘మసూద’ (2022) లాంటివి రెండున్నర గంటలు దాటతాయి.

టీవీలో ముందు ఆపేయాల్సింది మోషన్ స్మూతింగ్. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది, ట్రూమోషన్ అని ఒకరు, మోషన్‌ఫ్లో అని ఇంకొకరు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి నింపేసరికి అంతా డైలీ సీరియల్‌లా నున్నగా కనబడుతుంది, భయం సగం అక్కడే పోతుంది. తర్వాత జూమ్ ఆపండి. 1978 నాటి ‘హాలోవీన్’ వెడల్పు తెరకి తీసిన సినిమా. ముసుగు హంతకుడు చాలాసార్లు ఫ్రేము అంచున, పొద పక్కనో ఆరేసిన దుప్పట్ల మధ్యనో ఊరికే నిలబడి ఉంటాడు. పైనా కిందా నల్ల పట్టీలు నచ్చక జూమ్ చేస్తే మొదట తెగిపోయేది వాడే.

చీకటి దృశ్యాల్లో నలుపంతా గళ్లుగళ్లుగా విరిగితే సినిమాది తప్పు కాదు, డేటా సేవర్ ఆన్‌లో ఉండొచ్చు, లేదా నెట్ చాలక బొమ్మ నాణ్యత తగ్గి ఉండొచ్చు. యాప్‌లో క్వాలిటీ బాగా పెంచండి, నెట్ బలహీనంగా ఉంటే మధ్యాహ్నమే డౌన్‌లోడ్ పెట్టేయండి. బ్రైట్‌నెస్ సరిచూడాలంటే చీకటి గదిలో నల్ల కోటు వేసుకున్న మనిషి ఉన్న దృశ్యం దగ్గర ఆపండి. కోటు మడతలు కనీకనబడకుండా ఉండాలి, గది మూల మాత్రం బూడిద రంగుకి తిరక్కూడదు. గదంతా చీకటి చేస్తే కళ్లు లాగుతాయి. టీవీ వెనక గోడ మీద పడేలా చిన్న బల్బు వేస్తే చాలు, దాని వెలుతురు తెరలో కనబడకూడదు.

చప్పుడు దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు: గుసగుసలు వినబడక సౌండ్ పెంచడం, అరుపు రాగానే రిమోట్ వెతుక్కుని తగ్గించడం. అలా చేస్తే భయపెట్టే చోటల్లా మీరే ముందు కాచుక్కూర్చుంటారు. మొదటి పది నిమిషాల్లో మామూలు మాటలు తేలిగ్గా వినబడేంత పెట్టి రిమోట్ అవతల పారేయండి. టీవీలో నైట్ మోడ్, ఆటో వాల్యూమ్ ఆపేయాలి. అవి చిన్న చప్పుడుని పెంచి పెద్దదాన్ని తగ్గిస్తాయి, హారర్‌కి కావలసింది ఆ రెంటి మధ్య ఎడమే. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ల భయం ఉంటే హెడ్‌ఫోన్లు మేలు.

సబ్‌టైటిల్స్‌లో రెండు రకాలుంటాయి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం చేసినవాటిలో ‘తలుపు కిర్రుమంది’, ‘వెనక అడుగుల చప్పుడు’ అని చప్పుళ్లు కూడా రాస్తారు. చాలాసార్లు అవి చప్పుడుకంటే అర సెకను ముందే పడతాయి. మీకు వాటి అవసరం లేకపోతే మాటలు మాత్రమే ఉన్నవి ఎంచుకోండి. డబ్బింగ్ కంటే అసలు భాషే మేలు. మాటలు మార్చేటప్పుడు వెనకున్న గాలి, ఊపిరి, నేల చప్పుళ్లు కూడా కొన్నిసార్లు పలచబడతాయి.

తినేవాటి సంగతీ చెప్పుకోవాలి. జంతికలు, మరమరాలు సినిమా మొదలుకాక ముందే ఖాళీ చేయండి. నోట్లో కరకర మోగుతుంటే మేడ మీది అడుగుల చప్పుడు వినబడదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టుకుంటే ఏ గొడవా లేదు.

‘సైకో’ విడుదలైనప్పుడు సినిమా మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వకూడదని దాని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టాడు. ఇంట్లోనూ అదే రూలు పెట్టండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకి ‘ఇప్పటిదాకా ఏమైందంటే’ అని కథ చెప్పడం మొదలైతే ఆ రాత్రికి ర్యాంకు వేయకండి. తెలుగు సినిమాకి విరామం ఇంటర్వెల్ బ్యాంగ్ దగ్గరే, ఇంకెక్కడా వద్దు. అక్కడ ఊపిరి తీసుకోవడానికి చోటు పెట్టే కథ అల్లారు. ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) లాంటి చేతి కెమెరా సినిమాలకి కొందరికి తల తిరుగుతుంది. సోఫా ఓ నాలుగడుగులు వెనక్కి జరిపి, బల్బు వెలుగు కాస్త పెంచుకోండి.

ర్యాంకు ఎలా వేయాలి

ఐదుకి ఇన్ని స్టార్లు అని వేసుకుంటూ పోతే నెలాఖరుకి పదమూడింట్లో ఎనిమిదింటికి మూడున్నర వస్తుంది. దాంతో వరస రాదు. పైగా మొదటివారం వేసిన మూడున్నర, ఆఖరివారం వేసిన మూడున్నర ఒకటి కావు. అందుకని మార్కులు మానేసి రెండేసి సినిమాలకి పోటీ పెట్టండి.

అడిగే ప్రశ్న ముందే ఒకటి తేల్చుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. ‘ఈ రెంటిలో ఏది ఎక్కువ భయపెట్టింది?’ కావచ్చు, ‘ఏది మళ్లీ చూస్తాను?’ కావచ్చు. నెల మధ్యలో ప్రశ్న మార్చకూడదు.

సినిమా అయిన వెంటనే నాలుగు ముక్కలు రాయండి: ఎక్కడ ఒళ్లు జలదరించింది, ఎక్కడ పట్టు సడలింది, ముగింపు నిలబడిందా, ఏ చప్పుడు చెవిలో ఉండిపోయింది. ర్యాంకు మాత్రం అప్పుడే వేయకండి. ఒక నిద్ర అయ్యాక, పొద్దున కాఫీ దగ్గర వేయండి. రాత్రి ఉలిక్కిపడేలా చేసినవి కొన్ని తెల్లారేసరికి ఆవిరైపోతాయి. రాత్రి మామూలుగా అనిపించినవి కొన్ని పళ్లు తోముకుంటుంటే అద్దంలో గుర్తొస్తాయి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకి ఏడు సినిమాలు ఇలా వరసలో ఉన్నాయనుకుందాం: ఎగ్జార్సిస్ట్, షైనింగ్, ‘రింగు’ (1998 నాటి జపాన్ సినిమా), సైకో, హాలోవీన్, నోస్ఫెరాటు, ‘అవును’ (2012 నాటి తెలుగు సినిమా). (ఇది తీర్పు కాదు, పోట్లాటకి రాకండి.) ఎనిమిదోదిగా రామ్ గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) చూశారు. ముందు సరిగ్గా మధ్యలో ఉన్న సైకోతో పోటీ పెట్టండి. గెలిచిందా, పైన ఉన్న మూడింటిలో మధ్యది షైనింగ్. దాని చేతిలో ఓడిందా, ఇక మిగిలింది రింగు ఒక్కటే. అక్కడా ఓడితే ‘రాత్రి’ నాలుగో స్థానంలో కూర్చుంటుంది, సైకో ఐదుకి దిగుతుంది. మూడు ప్రశ్నలతో పని అయిపోయింది. పదమూడింటిని ప్రతిదానితో ప్రతిదాన్నీ పోల్చాలంటే 78 పోటీలు కావాలి. ఈ పద్ధతిలో నెలంతా కలిపి 37 దాటవు, ఏ ఒక్క సినిమాకీ నాలుగుకి మించవు. పట్టుదలగా 31 చూసేవాళ్లకి కూడా ఒక్కోదానికి ఐదు చాలు.

ఒక్కోసారి వరస తిరగబడుతుంది. సైకో కంటే రింగు మేలంటారు, రింగు కంటే హాలోవీన్ మేలంటారు, మళ్లీ హాలోవీన్ కంటే సైకో మేలంటారు. దీనికి కారణం తెలియకుండానే ప్రశ్న మారిపోవడం. ఒకచోట భయాన్ని, ఇంకోచోట పనితనాన్ని తూచి ఉంటారు. మొదటి పేజీ తెరిచి రాసుకున్న ప్రశ్ననే పైకి చదివి ఆ మూడింటినీ మళ్లీ అడగండి. అయినా తేలకపోతే మూడింటికీ ఒకే ర్యాంకు ఇచ్చి ముందుకు పోండి.

నలుగురు కలిసి వేస్తే

ఎవరి వరస వాళ్లు రహస్యంగా రాసుకోవాలి, చర్చ ఆ తర్వాతే. గట్టిగా మాట్లాడేవాడి అభిప్రాయం గదిలో అందరికీ అంటుకుంటుంది. అందరూ చూసిన సినిమాలే లెక్కలోకి వస్తాయి. అవి పదయితే మొదటి స్థానానికి 10, రెండోదానికి 9, అలా చివరిదానికి 1 వేసి కూడండి. సమానమైతే ఎక్కువమంది జాబితాల్లో పైన ఉన్నదే ముందు. సగం సినిమా దుప్పటి కప్పుకుని చూసినవాళ్ల ఓటు చెల్లుతుందా అన్నది మొదటిరోజే తేల్చుకోండి, నెలాఖరున తేలదు.

నవంబర్ 1న నోట్‌బుక్ తీసి పక్కపక్కన ఉన్న జతల్ని ఒక్కసారి అడగండి: 1, 2లో ఏది, 2, 3లో ఏది, అలా 12 ప్రశ్నలు. ఆఖరివారం సినిమాలు తాజాగా ఉండటం వల్ల ఒకటి రెండు మెట్లు పైకి ఎక్కి ఉంటాయి, వాటిని దించండి. మొదటి వారంవి ఏవీ గుర్తురాకపోతే మీరు రాసుకున్న నాలుగు ముక్కలు చదవండి. అందులోనూ ఏమీ లేకపోతే ఆ సినిమా జాగా అడుగునే. పైన మిగిలిన మూడింటి పక్కన వెర్షన్, నిమిషాలు, చూసిన తేదీ రాసిపెట్టుకోండి. వచ్చే అక్టోబర్‌లో కొత్త సినిమాకి మొదటి పోటీ వాటితోనే.